ఎస్‌బీ 403 వెంట శాక్రమెంటో దాకా: ఒక సెనేటర్ బిల్లులను ఎలా గమనించాలి

(కాలిఫోర్నియాలోని తెలుగువారి వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం. చివర్లో అడిగిన ప్రశ్నలు, జవాబులు కూడా ఇందులో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. పన్నేమీ వేయను. [నవ్వులు]

ఇవాళ మాట్లాడేది రాష్ట్ర సెనేటర్ల గురించి. వాషింగ్టన్‌లో కూర్చునేవాళ్లు కాదు, మన రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో కూర్చునేవాళ్లు. మనవాళ్లను హెచ్1బీ మీద నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మీ రాష్ట్ర సెనేటర్ ఎవరండీ అంటే పక్కవాళ్ల మొహం చూస్తారు. ఇంటి అద్దె ఏడాదికి ఎంత పెంచొచ్చు, బళ్లో పిల్లలకు ఏం చెప్పాలి, ఆఫీసులో వివక్ష అంటే ఏమిటి, ఇలాంటివి చాలావరకు తేలేది శాక్రమెంటోలోనే. అక్కడి శాసనసభ అంటే రెండు సభలు కలిపి: సెనేట్‌లో 40 మంది, అసెంబ్లీలో 80 మంది. జనాభా దాదాపు 3.9 కోట్లు. అంటే ఒక్కో సెనేటర్ కింద పది లక్షల మందికి కాస్త అటూ ఇటూ.

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒక తేడా ముందే చెప్పేస్తాను. మన దగ్గర బిల్లు అంటే ప్రభుత్వం తెచ్చేది. మంత్రి ప్రవేశపెడతారు, అధికార పక్షం చేతులెత్తుతుంది, అయిపోతుంది. మంత్రి కాని సభ్యుడు కూడా బిల్లు పెట్టొచ్చని నిబంధన ఉంది. కానీ స్వాతంత్ర్యం వచ్చాక మన పార్లమెంటులో అలాంటివి చట్టమైనవి 14 మాత్రమే. ఆఖరిది 1970లో. ఇక్కడ అంతా తిరగబడి ఉంటుంది. గవర్నర్‌కు బిల్లు పెట్టే అధికారమే లేదు. ఆయనకు ఏదైనా చట్టం కావాలంటే ఎవరో ఒక సభ్యుణ్ని పట్టుకోవాలి. ప్రతి బిల్లుకూ ఒక సభ్యుడి పేరో సభ్యురాలి పేరో తలమీద ఉంటుంది. బడ్జెట్ బిల్లు కూడా కమిటీ పేరు మీదో, దాని అధ్యక్షుడి పేరు మీదో వస్తుంది. అందుకే ఒక సెనేటర్ ఏం చేస్తున్నారో తెలుసుకోవాలంటే ఆ పేరు మీద ఉన్న బిల్లుల చిట్టా చూస్తే చాలు. ఉపన్యాసాలు వినక్కర్లేదు. [నవ్వులు]

ఉదాహరణకు అందరికీ తెలిసినదే తీసుకుంటున్నాను, ఎస్‌బీ 403. ఎస్‌బీ అంటే సెనేట్ బిల్లు. సెనేటర్ ఐషా వాహబ్ బిల్లు. ఆమె హేవర్డ్ సిటీ కౌన్సిల్ నుంచి వచ్చి 2022 నవంబరులో సెనేట్‌కు గెలిచారు. కాలిఫోర్నియా శాసనసభకు ఎన్నికైన తొలి ముస్లిం, తొలి అఫ్గాన్ అమెరికన్. హేవర్డ్, ఫ్రీమాంట్ వైపు ఉన్నవాళ్లకు ఆమే సెనేటర్. కులం పేరుతో వివక్ష చూపడాన్ని రాష్ట్ర చట్టంలో పేరు పెట్టి నిషేధించాలన్నది ఆ బిల్లు. ఈ గదిలో దానికి చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు, తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అది మంచిదా కాదా అన్న చర్చ ఇవాళ పెట్టను, పెడితే సాయంత్రం టిఫిన్ల దాకా వెళ్లలేం. అది ఏ దారిలో నడిచిందో మాత్రం చూద్దాం. ఆ దారి చూశాక మీ వాట్సాప్ గ్రూపుల్లో ఆ ఏడాది జరిగిన యుద్ధాల్లో సగం ఎందుకు దండగో మీకే తెలుస్తుంది.

నేపథ్యం రెండు ముక్కల్లో. 2020లో రాష్ట్ర పౌరహక్కుల విభాగం సిస్కో అనే టెక్ కంపెనీ మీద కుల వివక్ష కేసు వేసింది. 2022 జనవరిలో కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్) విశ్వవిద్యాలయాలు తమ నియమాల్లో కులాన్ని చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ 6-1తో నిషేధం తెచ్చింది. ఆ వేడిలో మార్చి 22న వాహబ్ గారి ప్రకటన వచ్చింది.

ఇక్కడొక చిన్న విషయం గమనించండి. ప్రకటన మార్చి చివర్లో. కానీ ఆ ఏడాది కొత్త బిల్లులు పెట్టడానికి గడువు ఫిబ్రవరి 17. అంటే ఆ నంబర్ ప్రకటన కంటే ముందే పడి ఉంది. ఇందులో మోసమేమీ లేదు, శాక్రమెంటోలో ఇది మామూలే. గడువు లోపల ఒక నంబర్ వేయించుకుని, అసలు సరుకు తర్వాత సవరణగా చేర్చడం ఆనవాయితీ. అందుకే ఫిబ్రవరిలో ఒక సెనేటర్ బిల్లుల జాబితా చూసి, వీటిలో ఏమీ లేదులే అని మూసేయకండి. ఏప్రిల్‌లో మళ్లీ తెరవండి. ఏమీ లేనట్టు కనిపించిన బిల్లు లోపల మొత్తం మారిపోయి ఉండొచ్చు.

సరే, ఎక్కడ తెరవాలి? రాష్ట్ర శాసనసభకు లెజ్‌ఇన్ఫో అని సొంత వెబ్‌సైటు ఉంది. ఉచితం. బిల్లుల వెతుకుడు పేజీలో రచయిత పేరు, అంటే బిల్లు పెట్టిన సభ్యుడి పేరు, ఎంచుకునే పెట్టె ఉంటుంది. అక్కడ వాహబ్ అని కొడితే ఆ సెషన్‌లో ఆమె పేరు మీద వచ్చినవన్నీ వరసగా వస్తాయి. సెషన్ అంటే రెండేళ్లు. ఆ సెషన్‌లో ఒక్కో సెనేటర్‌కు 40 బిల్లుల పరిమితి ఉండేది, కాబట్టి చిట్టా భయపడేంత పొడుగుండదు. బిల్లు మీద నొక్కితే పైన ట్యాబులు: పాఠం, ఓట్లు, చరిత్ర, విశ్లేషణ, పాత పాఠాల పోలిక, ప్రస్తుత స్థితి. ఖాతా తెరిస్తే ఆ బిల్లులో కదలిక వచ్చినప్పుడల్లా మెయిల్ వస్తుంది.

అందరూ ముందు పాఠం చదవడానికి కూర్చుంటారు. పది లైన్లయ్యాక లేచిపోతారు. నా సలహా, ముందు చరిత్ర ట్యాబు తెరవండి. తేదీ, దాని పక్కన ఒక వాక్యం, అంతే ఉంటుంది. ఆ వాక్యాలు పొడిపొడిగా ఉంటాయి గానీ అలవాటైతే నవల చదివినట్టే. ‘రచయిత కోరిక మీద హియరింగ్ రద్దు’ అని ఉందనుకోండి, ఓట్లు సరిపోలేదని ఆ సెనేటర్‌కు ముందే తెలిసిపోయి ఉండొచ్చు. ‘హెల్డ్ అండర్ సబ్మిషన్’ అని ఉంటే కమిటీలో ఆపేశారని. ‘ఇనాక్టివ్ ఫైల్’ అంటే సభ గుమ్మం దాకా వచ్చి పక్కన కూర్చుంది. చంపాం అని ఎక్కడా రాయరు. మర్యాదస్తులు. [నవ్వులు]

చాలా బిల్లులు పోయేది ఖర్చుల కమిటీలో, అప్రోప్రియేషన్స్ అంటారు. ఖజానా మీద భారం ఒక మొత్తం దాటే బిల్లులన్నీ సస్పెన్స్ ఫైల్ అనే దొంతరలో పడతాయి. అసెంబ్లీలో ఆ గీత లక్షా యాభై వేల డాలర్లు. ఏడాదికి రెండుసార్లు, ఒకే రోజు, వందల బిల్లుల పేర్లు గబగబా చదివేస్తారు: ఇది పాస్, ఇది ఆగింది, ఇది సవరణలతో పాస్. ఎందుకు ఆగిందో అక్కడ చెప్పరు. ఫలానా విధానానికి నేను వ్యతిరేకం అని పైకి చెప్పకుండా బిల్లును ఆపడానికి ఇంతకంటే సుఖమైన చోటు లేదని నా అభిప్రాయం. మీకిష్టమైన బిల్లు మే నెల మధ్యలోనో ఆగస్టులోనో మాయమైతే ముందు అనుమానించాల్సింది ఈ దొంతరనే.

మళ్లీ 403కి వస్తాను. ఏప్రిల్ 25, మంగళవారం. సెనేట్ న్యాయ కమిటీలో హియరింగ్. కాపిటల్, అంటే శాసనసభ భవనం, బయట వందల మంది బారులు తీరారు, రెండు పక్షాల వాళ్లూ. చాలా దూరం నుంచి వచ్చినవాళ్లు మూడు నిమిషాలైనా మాట్లాడనిస్తారనుకుంటారు. అక్కడ పద్ధతి వేరు. ఒక్కో పక్షానికి ఇద్దరు ముఖ్య సాక్షులు, వాళ్లకు కొద్ది నిమిషాలు. మిగతా అందరూ మైకు దగ్గరికి వచ్చి పేరు, సంస్థ, మద్దతో వ్యతిరేకతో చెప్పి తప్పుకోవాలి. నాలుగు గంటలు లైన్లో నిలబడితే నాలుగు సెకన్ల మాట. అయినా ఆ వరస పొడవు కమిటీ సభ్యులకు కనిపిస్తుంది, అది వేరే సంగతి. ఆ రోజు కమిటీ 8-0తో ముందుకు పంపింది.

జనం వరస కంటే నాకు విలువైనది కమిటీ విశ్లేషణ. హియరింగ్‌కు ముందే కమిటీ సిబ్బంది రాసి పెడతారు. ఇప్పుడున్న చట్టం ఏం చెబుతోంది, ఈ బిల్లు ఏం మారుస్తుంది, ఎవరేం అభ్యంతరం చెప్పారు, కోర్టులో నిలుస్తుందా, అంతా ఉంటుంది. చివర్లో మద్దతు, వ్యతిరేకత అని రెండు జాబితాలు. ఉత్తరం రాసిన సంస్థల పేర్లు ఒక్కొక్కటీ వస్తాయి. 403 విషయంలో మద్దతు వైపు ఈక్వాలిటీ ల్యాబ్స్, వ్యతిరేకత వైపు హిందూ అమెరికన్ ఫౌండేషన్ అనే సంస్థలు గట్టిగా నిలబడ్డాయి. ఆ జాబితాలు చదివితే బిల్లు వెనక ఎవరున్నారో టీవీ చర్చ చూడకుండానే తెలుస్తుంది. మీ సంఘం పేరు అందులో ఉండాలంటే హియరింగ్‌కు వారం ముందే ఉత్తరం చేరాలి, దానికి ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. హియరింగ్ రోజు పొద్దున రాస్తే విశ్లేషణలో చోటుండదు.

మే 11న సెనేట్ ఓటింగ్, 34-1. ‘కాలిఫోర్నియాలో కుల వివక్ష చట్టం వచ్చేసింది’ అని ఆ రాత్రి ఫార్వర్డులు చూసినవాళ్లు చేతులెత్తండి. చూశారా. చట్టం ఏమీ రాలేదు, ఒక సభ దాటింది. అసెంబ్లీ మొత్తం మిగిలే ఉంది.

ఇక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా వినండి. అసెంబ్లీకి వెళ్లాక బిల్లు లోపల మారింది. మొదటి రూపంలో కులం అన్నది జాతి, మతం, లింగం లాగా తనంతట తానే ఒక విభాగం. జులై నాటి సవరణలతో అది ‘పూర్వీకత’ అనే పాత విభాగం కిందికి చేరింది. పూర్వీకత అంటే వంశం, వారసత్వం, తల్లిదండ్రులు, కులం, పుట్టుకతో వచ్చే ఏ సామాజిక హోదా అయినా అని నిర్వచనం. ఆఖరికి బిల్లు శీర్షిక కూడా మారిపోయింది. కులం ఆధారంగా వివక్ష అన్నది కాస్తా పూర్వీకత ఆధారంగా వివక్ష అయింది. శీర్షిక పెట్టి వెతికేవాళ్లకు బిల్లు దొరకదు. నంబర్ మాత్రం అదే. అందుకే నంబర్ పట్టుకోండి అంటాను.

పోలిక ట్యాబు తెరిస్తే ఇది కళ్లకు కడుతుంది. తీసేసిన మాటల మీద ఎర్ర గీత, చేర్చినవి నీలం రంగు వాలు అక్షరాల్లో. ఏ తేదీ రూపాన్ని ఏ తేదీ రూపంతో పోల్చాలో మీరే ఎంచుకోవచ్చు. జులై, ఆగస్టుల్లో మా గ్రూపుల్లో రెండు పక్షాలూ కొట్టుకున్నది మార్చి నాటి పాఠం స్క్రీన్‌షాట్ మీద. ఎర్ర గీతలు పడిపోయిన వాక్యాల కోసం ఇరవై ఏళ్ల స్నేహితులు మాటలు మానేశారు. బిల్లు మీద కోపం రావచ్చు, సంతోషం రావచ్చు, కానీ అది ఏ తేదీ బిల్లో చూసుకోవాలి కదా.

అసెంబ్లీ న్యాయ కమిటీ జులై 5న దాటించింది. ఆగస్టు 28న సభలో ఓటింగ్, 50-3 అని ఆ రోజు వార్తల్లో వచ్చింది. ఇందులో ఎవరూ పట్టించుకోని ఒక గడి ఉంది. ఓట్ల ట్యాబులో అవును, కాదు అన్న రెండు వరసల కింద మూడోది ఉంటుంది: ఓటు నమోదు కానివారు. సభలో మామూలు బిల్లు నెగ్గడానికి హాజరైనవాళ్లలో సగం సరిపోదు. మొత్తం సభ్యుల్లో సగం దాటాలి. అసెంబ్లీలో 41, సెనేట్‌లో 21. కాబట్టి ఓటు వేయకుండా కూర్చున్నా ఫలితం మీద ప్రభావం వ్యతిరేక ఓటుదే. వ్యతిరేకించారన్న పేరు మాత్రం రాదు. నిజంగా సెలవులో ఉన్నవాళ్లూ అదే గడిలో ఉంటారు, ఆ మేరకు అన్యాయం చేయకూడదు. కానీ ఒకే సభ్యుడు చిక్కు బిల్లు వచ్చినప్పుడల్లా ఆ గడిలోనే తేలితే అది గమనించదగ్గ అలవాటు.

అసెంబ్లీ సవరించింది కాబట్టి బిల్లు మళ్లీ సెనేట్‌కు వెళ్లాలి, సవరణలకు ఒప్పుకోవాలి. సెప్టెంబరు 5న ఒప్పుకుంది, 31-5. మేలో ఒక్కరే వ్యతిరేకం, సెప్టెంబరుకు ఐదుగురు. బిల్లును మెత్తబరిచాక వ్యతిరేక ఓట్లు పెరిగాయి. ఈ నాలుగు నెలల్లో సభ్యుల ఆఫీసులకు ఎన్ని ఫోన్లు వెళ్లి ఉంటాయో ఊహించుకోండి. అంతిమ ఫలితం ఒక్కటే చూసేవాళ్లకు ఈ సంగతి కనిపించదు.

తర్వాత గవర్నర్ గావిన్ న్యూసమ్ బల్ల మీదికి. మద్దతుదారులు శాక్రమెంటోలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. అక్టోబరు 7న ఆయన వీటో చేశారు. కారణం క్లుప్తంగా రాశారు: పూర్వీకత లాంటి ఇప్పుడున్న విభాగాల కిందే కుల వివక్ష నిషేధం ఉంది, కాబట్టి ఈ బిల్లు అనవసరం.

ఇప్పుడు జులై సవరణను ఈ కారణం పక్కన పెట్టి చూడండి. కులాన్ని పూర్వీకత కిందికి చేర్చింది ఎవరు? శాసనసభే. అలా చేర్చడం వల్ల అసెంబ్లీలో దారి సులువైంది. అదే చేర్పు, ఇది పాత చట్టంలోనే ఉందిగా అనడానికి గవర్నర్‌కు వాటంగా దొరికింది. ఇది నా అంచనా. వీటో నోట్‌లో సవరణ ప్రస్తావన లేదు. కానీ చరిత్ర ట్యాబు, పోలిక ట్యాబు పక్కపక్కన పెట్టుకున్నవాళ్లకు వీటో మరీ అంత ఆశ్చర్యంగా అనిపించదు. ఇంకో సంగతి, ఆ నోట్ తర్వాత రెండు పక్షాలూ గెలిచామన్నాయి. ఒకరు బిల్లు పోయిందని, ఇంకొకరు కుల వివక్ష ఇప్పటికే చట్టవిరుద్ధమని గవర్నరే రాసిచ్చారని. రెండూ కాగితం మీద ఉన్నవే.

అదే ఏడాది వాహబ్ గారి పేరు మీదే ఉన్న ఎస్‌బీ 555 మీద గవర్నర్ సంతకమైంది. దాని పేరు చూస్తే స్థిరమైన చౌక ఇళ్ల చట్టం. పేరు చూసి ఇళ్లు కట్టేస్తారనుకోవద్దు. సంతకమైన రూపంలో ప్రధానంగా అది గృహనిర్మాణ శాఖ చేయాల్సిన ఒక అధ్యయనం. పెద్ద చప్పుడు చేసిన బిల్లు ఆగింది, ఎవరూ మాట్లాడుకోనిది పుస్తకంలోకి ఎక్కింది. సెనేటర్‌ను అంచనా వేయాలంటే రెండూ చూడాలి.

సరే, నేను ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక పెద్దాయన): బాబూ, గవర్నర్ సంతకం పెట్టకుండా బల్ల మీదే పెట్టుకుని కూర్చుంటే?

మంచి ప్రశ్న అడిగారండీ, మన దగ్గర అదే కదా గొడవ. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పది బిల్లులు గవర్నర్ దగ్గర ఆగిపోయాయని సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాజ్యాంగంలో ఉన్న ‘వీలైనంత త్వరగా’ అన్న మాటను గుర్తుంచుకోవాలని చెబుతూ కోర్టు ఆ కేసును ఏప్రిల్ 24న ముగించింది. సరిగ్గా మర్నాడే ఇక్కడ 403 మీద తొలి హియరింగ్. ఇక్కడ గవర్నర్ ఎన్నికైన మనిషి, మన ముఖ్యమంత్రి లాగా. ఆయనకు గడువు 12 రోజులు. సెషన్ చివర్లో వచ్చి పడేవాటికి సభ ముగిశాక 30 రోజులు. ఆ ఏడాది అది అక్టోబరు 14. గడువు దాటేదాకా ఊరుకుంటే సంతకం లేకుండానే చట్టమైపోతుంది. బల్ల మీద పెట్టుకుని కూర్చోవడం కుదరదు.

ప్రశ్న (ఒక అమ్మాయి): వీటోను సభ కొట్టేయొచ్చు కదా అన్నా? 403కి రెండు సభల్లోనూ అన్ని ఓట్లు వచ్చాయిగా.

కొట్టేయొచ్చమ్మా. రెండు సభల్లో మూడింట రెండొంతులు కావాలి. సెనేట్‌లో 27, అసెంబ్లీలో 54. సెనేట్‌లో సెప్టెంబరు ఓటే చూసుకుంటే 31, లెక్క సరిపోయింది. కానీ కాలిఫోర్నియాలో వీటోను సభ తోసిపుచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. సొంత పార్టీ గవర్నర్ మీద ఎవరు కాలు దువ్వుతారు? బడ్జెట్‌లో రేపు ఆయన దగ్గరికే వెళ్లాలి.

ప్రశ్న (వెనక నుంచి): మా పాప స్కూలుకు సంబంధించిన బిల్లు ఒకటి నిరుడు ఆగిపోయింది. అది చచ్చిపోయినట్టేనా?

ఎప్పుడు పెట్టారన్నదాని మీద ఆధారపడి ఉంటుందండీ. రెండేళ్ల సెషన్‌లో మొదటి ఏడాది ఆగితే దాన్ని రెండేళ్ల బిల్లు అంటారు. జనవరిలో మళ్లీ లేస్తుంది. కాకపోతే పుట్టిన సభను జనవరి 31 లోపు దాటాలి. రెండో ఏడాది ఆగస్టు చివర్లో ఆగితే మాత్రం అయిపోయినట్టే, మళ్లీ కావాలంటే కొత్త నంబర్, కొత్త సెషన్. నంబర్ మీ దగ్గరుందా? అయితే టిఫిన్ల దగ్గర నా ల్యాప్‌టాప్ తెచ్చుకుంటాను, చరిత్ర ట్యాబులో ఆఖరి లైను చూద్దాం. అక్కడ ‘ఇనాక్టివ్ ఫైల్’ అని ఉంటే ఇంకా ఫోన్ చేయొచ్చు. ‘హెల్డ్’ అని ఉంటే సెనేటర్ ఆఫీసుకు వచ్చే సెషన్ కోసం ఉత్తరం రాయడమే.